రాత్రి ముక్కుదిబ్బడ – నిద్ర – మనం

ముక్కుదిబ్బడను జబ్బుగా లెక్కించే అలవాటు మా మల్దకల్ వైపు లేదు. జ్వరమొస్తే పని మానుతారు, తేలు కుడితే ఆసుపత్రికి ఉరుకుతారు. ముక్కు మూసుకపోతే మాత్రం "సర్దేలేరా, అదే పోతది" అంటారు. పగటి పూట అది నిజంగానే పెద్ద బాధ కాదు. రాత్రి నడుం వాల్చినప్పుడే దాని సంగతి తెలిసేది. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, గొంతు ఎండిపోవడం, గంటకోసారి లేచి కూర్చోవడం! తెల్లవారేసరికి మనిషి నిద్రపోయినట్టూ ఉండడు, మేలుకున్నట్టూ ఉండడు. హాస్టలులో నా గదిమిత్రుడొకడు చివరి సంవత్సరంలో ఇట్లాగే రెండు నెలలు గడిపి, చదివినది తలకెక్కక రెండు పేపర్లు పోగొట్టుకున్నాడు. తెలివి తక్కువై కాదు, నిద్ర తక్కువై. అందుకే ఈ నాలుగు మాటలు. నేను డాక్టరును కాను, జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణి. వైద్యుడు చేయవలసిన పనిని ఈ వ్యాసం చేయదని ముందే మనవి.

మొదట ఒక సందేహం. పగలంతా బాగున్న ముక్కు పడుకోగానే ఎందుకు మూసుకుంటుంది? అది చీమిడి నిండడం వల్లనే అని చాలామంది అనుకుంటారు, ఎంత చీదినా ఏమీ రాక విసుక్కుంటారు. అసలు సంగతి వేరు. ముక్కు లోపలి గోడలకు రెండు వైపులా మడతల వంటి భాగాలున్నాయి. వాటి నిండా సన్నని రక్తనాళాలు. అవి రక్తంతో ఉబ్బితే దారి ఇరుకవుతుంది. నిలబడి ఉన్నప్పుడు రక్తం కిందికి సులువుగా దిగిపోతుంది. పడుకుంటే తల గుండెతో సమానమైన ఎత్తుకు వచ్చి, ఆ మడతల్లో రక్తం నిలుస్తుంది. దానికి తోడు, వాపును అణచే కార్టిసాల్ అనే హార్మోను రాత్రి పూట శరీరంలో తగ్గుతుంది.

ఇంకొక వింత కూడా ఉంది. ఆరోగ్యవంతుడి ముక్కులో కూడా రెండు రంధ్రాలు ఒకేలా పనిచేయవు. కొన్ని గంటలు ఒకటి ఎక్కువగా తెరుచుకుంటే, తర్వాత రెండోది. దీన్ని 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. మన యోగులకు మాత్రం ఇడ, పింగళ అనే పేర్లతో స్వరం మారడం అంతకు ఎంతో ముందే తెలుసు. చంక కింద యోగదండం ఆనించి రెండోవైపు ముక్కు తెరిపించుకునే పద్ధతి వాళ్లది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఎడమ ముక్కు బిగుసుకుని కుడిది తెరుచుకోవడం మీరూ గమనించే ఉంటారు. కాబట్టి ఒక పక్క మూసుకోగానే కంగారు పడనక్కరలేదు, రెండో పక్కకు తిరిగి కాసేపు ఓపిక పడితే చాలు. తల ఎత్తు చేయాలంటే రెండు దిండ్లు పెట్టి మెడ విరుచుకోవడం కన్నా, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టడం మేలు.

ఇక మందుల మాట. నా గదిమిత్రుడి దిండు కింద ఎప్పుడూ ఒక చుక్కలమందు సీసా ఉండేది. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ జాతి చుక్కలు ఆ రక్తనాళాలను బిగించి నిమిషాల్లో దారి తెరుస్తాయి. మొదటి రాత్రి అమృతంలా ఉంటుంది. కానీ మూడు నాలుగు రోజులు దాటి వాడుతూ పోతే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతుంది. అప్పుడు మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. మందు వేసినందుకే దిబ్బడ, దిబ్బడ ఉన్నందుకే మందు! ఈ సుడిలోనే వాడు చిక్కుకున్నాడు. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు ఆ సీసాను మాన్పించి, స్టీరాయిడ్ స్ప్రే ఇచ్చాడు. ఆ స్ప్రే వెంటనే పనిచేసేది కాదు. రోజూ వాడితే కొద్ది రోజులకు గుణమిస్తుంది. కొట్టేటప్పుడు గొట్టాన్ని ముక్కు నడుమ దూలం వైపు కాక, చెవివైపుకు వాలేలా పట్టుకోవాలి. మొదటి వారం వాడు పడిన యాతన చూడలేకపోయాం. మూడో వారానికి గురక లేకుండా నిద్రపోయాడు.

సర్ది మాత్రల్లో చాలావాటిలో ఉండే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే ముక్కుదిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘం 2023లో తేల్చింది. ఆ మాత్రతో వచ్చే నిద్ర, దానిలోని మరో మందు తెచ్చే మత్తు. ఆ మత్తు పొద్దున పరీక్ష హాలుదాకా వెంట వస్తుంది.

మరి మన అమృతాంజనం? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన ఆ డబ్బా లేని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. ఇట్లాంటి లేపనాల్లోని మెంథాల్ ముక్కు దారిని నిజంగా వెడల్పు చేయదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి, గాలి ఆడుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించడమూ నిద్రకు సాయమే. కానీ ముక్కు లోపల పూయరాదు, రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం కలిసిన లేపనం అసలే పనికిరాదు. ఆవిరి పట్టడం కూడా కాసేపు హాయినిచ్చేదే. దుప్పటి కప్పుకుని మరిగే గిన్నె మీద వంగి ఒళ్లు కాల్చుకున్నవాళ్లు మాత్రం ఎందరో.

ఖర్చు లేని మంచి ఉపాయం ఉప్పునీటితో ముక్కు కడగడం, మన జలనేతి. లీటరు నీళ్లకు సుమారు 9 గ్రాముల ఉప్పు, అంటే చదునుగా తీసిన టీస్పూను ఒకటిన్నర, చిటికెడు తినే సోడా. నీళ్లు తప్పనిసరిగా కాచి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా వాడితే మెదడును తినే అమీబా ముక్కు ద్వారా చేరే ప్రమాదముంది. 2024, 2025 సంవత్సరాల్లో కేరళలో ఆ అమీబా జ్వరం ప్రాణాలు తీసింది.

మా నడిగడ్డలో దుమ్ముకు కొదవ లేదు. బుడ్డలు నూర్చినా దుమ్మే, పత్తి తీసినా నూగే, మార్గశిరంలో తిమ్మప్ప జాతరకు బండ్లు కదిలినా దుమ్మే. పొలం గట్ల మీద వయ్యారిభామ పుప్పొడి సరేసరి. పని మానమని ఎవరినీ అనలేం. పొలం నుంచి వచ్చినాక స్నానం చేసి, బట్టలు మార్చుకునే పడక చేరమని అనగలం. మా నాయన ముఖానికి తువ్వాలు చుట్టుకోనిదే కళ్లంలోకి దిగేవాడు కాదు. "ఊపిరుంటెనే పంటరా" అనేవాడు.

కంటికి కనబడని శత్రువు పడకలోనే ఉంది. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని ధూళిపురుగులు మన చర్మం పొట్టు తిని దిండ్లలో, పరుపుల్లో బతుకుతాయి. ఇంటి దుమ్ము పడకపోవడానికి మూలం ఇవేనని 1960లలో హాలండు శాస్త్రవేత్తలు నిరూపించారు. గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకాలి, పరుపులు ఎండకు వేయాలి. మూసిన గదిలో దోమల చక్రం వెలిగించడం కన్నా దోమతెర కట్టుకోవడం నయం.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం ఇంటి వైద్యం ఆపాలి. ఎప్పుడూ ఒకే పక్క మూసుకోవడం, రక్తం పడడం, పదిరోజులు దాటినా జ్వరం, ముఖం నొప్పి తగ్గకపోవడం, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం అట్లాంటివి. చిన్నపిల్లల్లో ఒకే ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల బుడ్డగింజో బలపం ముక్కో ఇరుక్కుని ఉండవచ్చు. ఇంట్లో కెలకకుండా డాక్టరుకు చూపించాలి.

చివరగా విద్యార్థి సంఘం మిత్రులకొక విన్నపం. క్రికెట్టు పోటీలకు, వార్షికోత్సవానికి చూపే ఉత్సాహంలో పిసరంత దీనికీ చూపండి. నెలకొక ఆదివారం హాస్టలు పరుపులన్నీ మేడమీద ఎండకు వేయించండి, ఆవరణలోని వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకించండి. పక్క మంచం మీద రాత్రంతా లేచి కూర్చునే మిత్రుణ్ణి "గురకగాడు" అని వెక్కిరించకుండా, డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని పోండి. పుస్తకం కొనివ్వడం ఎంత సాయమో, నిద్ర నిలబెట్టడమూ అంతే సాయం.