బక్షీసు, మామూలు, మోసము – విదేశములకు వెళ్ళువారు తెలుసుకొనవలసిన సంగతులు

గొలుగొండ కొండల నీడలో చదువుకొనే మన విద్యార్థులకు విదేశ ప్రయాణము ఒకనాడు కలలోని మాట. నేడు అట్లు కాదు. ఉద్యోగము కొరకు గల్ఫ్ దేశములకు, పై చదువులకు అమెరికా, ఇంగ్లండులకు, హజ్, ఉమ్రా యాత్రలకు మక్కా, మదీనాలకు వెళ్ళివచ్చినవారు మన చుట్టుప్రక్కల గ్రామములలో కనిపించుచునే ఉన్నారు. వారితో కొంచెముసేపు కూర్చుండి మాట్లాడినచో రెండు మాటలు తప్పక వినవచ్చును. “ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియలేదు” అన్నది ఒకటి. “ఎవరిని నమ్మాలో తెలియలేదు” అన్నది రెండవది. ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా మాటల సంగతి చూతము. ‘బక్షీసు’ అను పదము పారశీకము నుండి ఉర్దూ ద్వారా మన తెలుగులోనికి వచ్చినది. దాని మూలధాతువునకు ఇచ్చుట అనియే గాక క్షమించుట అని కూడ అర్థమున్నది. ‘ఇనాము’ అరబ్బీ పదము; అనుగ్రహించి ఇచ్చినది అని భావము. ‘మామూలు’ కూడ అరబ్బీ పదమే; ఆచారముగా జరుగుచున్నది అని దాని అర్థము. ఈ మూడు మాటలును మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడువారికిని, తెలుగు మాట్లాడువారికిని సమానముగా తెలిసినవే. అయితే ఇష్టపూర్వకముగా ఇచ్చిన చిన్న కానుక మెల్లమెల్లగా ఆచారమై, ఆచారము హక్కై, హక్కు చివరకు లంచమై కూర్చున్న కథ మన ‘మామూలు’ అను మాటలోనే దాగియున్నది. కనుక ఒక గుర్తు పెట్టుకొనవచ్చును. ఇచ్చువాని ఇష్టము మిగిలి ఉన్నంతవరకే అది బక్షీసు. ఆ ఇష్టమును ఎదుటివాడు లాగుకొన్ననాడు దానికి వేరే పేర్లు వచ్చును.

దానము చేయునపుడు దేశ కాల పాత్రములు చూడవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఉర్దూలో “జైసా దేస్ వైసా భేస్” అను సామెత ఉన్నది. బక్షీసు విషయములో ఈ రెండు మాటలును అక్షరాల నిజము. ఒక దేశములో మర్యాద అనిపించుకొన్నది మరియొక దేశములో అమర్యాద కావచ్చును.

అమెరికా సంగతి తీసుకొందము. అక్కడ కూర్చుండి భోజనము చేయు హోటళ్ళలో బిల్లు మీద నూటికి 15 నుండి 20 వరకు వడ్డించినవారికి ఇచ్చుట ఆచారము. మన దేశము నుండి వెళ్ళినవారికి ఇది దుబారాగా తోచును. దీనికి కారణమున్నది. అక్కడి కేంద్ర చట్టము ప్రకారము టిప్పులు వచ్చు ఉద్యోగికి యజమాని నేరుగా చెల్లించవలసిన కనీస వేతనము గంటకు 2.13 డాలర్లు మాత్రమే. 1991 నుండి ఈ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రములు ఇంతకంటె ఎక్కువ నిర్ణయించినవి గాని, అనేక చోట్ల వడ్డించువాని జీవనము అతిథి ఇచ్చు సొమ్ము మీదనే ఆధారపడి ఉన్నది. అది పేరుకు బక్షీసే. నిజమునకు జీతములో భాగము. అక్కడ ఇవ్వకుండా లేచివచ్చుట పొదుపు కాదు, ఒకరి కూలి ఎగవేయుటతో సమానము.

జపానులో ఇందుకు పూర్తిగా విరుద్ధము. అక్కడ టిప్పు ఇచ్చు ఆచారము లేదు. బల్లమీద వదలిన చిల్లరను, “మీరు మరచిపోయినారు” అని వెంటబడి తిరిగి ఇచ్చివేసెదరు. తన పని తాను చక్కగా చేయుట ధర్మమని, దానికి విడిగా వెల కట్టనక్కరలేదని వారి భావము. కొరియాలోను, చైనాలోను సాధారణముగా ఇదే తీరు. సింగపూరు హోటళ్ళలో నూటికి 10 చొప్పున సర్వీసు చార్జి బిల్లులోనే చేరి ఉండుట పరిపాటి. దానిపై మరల ఇవ్వనక్కరలేదు. ఫ్రాన్సులో ధరలోనే సేవకు రుసుము కలిసి ఉండును; సంతోషించినవారు కొంత చిల్లర వదలుదురు. ఇంగ్లండులో అనేక హోటళ్ళు నూటికి 12.5 చొప్పున బిల్లులో కలిపి చూపును. అది ఐచ్ఛికమని వ్రాసియున్నచో వద్దని చెప్పుటకు అతిథికి హక్కు ఉన్నది. అట్లు వసూలైన సొమ్ము యజమాని ఉంచుకొనక పనివారికే పంచవలెనని అక్కడ 2023 లో చేసిన చట్టము 2024 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈజిప్టులో బక్షీసు నిత్యజీవితములో భాగము. తలుపు తీసినవాడు, దారి చూపినవాడు కూడ చిన్న నాణెము ఆశించును. గల్ఫ్ నగరములలో ఇచ్చుట వాడుకలో ఉన్నది గాని నిర్బంధము కాదు. అనేక బిల్లులలో సేవా రుసుము ముందే చేరి ఉండును. కావున ఏ దేశములోనైనను మొదట చేయవలసిన పని బిల్లును ఆసాంతము చదువుట.

మన దేశము మాట కూడ చెప్పవలెను. హోటళ్ళు బిల్లులో సర్వీసు చార్జిని తమంత తామే చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4 న మార్గదర్శకములు ఇచ్చినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28 న వాటిని సమర్థించినది. విశాఖపట్నములో భోజనము చేయు విద్యార్థికి కూడ ఈ సంగతి పనికివచ్చును.

ఇక మోసముల విషయము. నా తొలి విదేశ ప్రయాణములో ఒక విమానాశ్రయము వెలుపల నిలబడియుండగా, ఒక వ్యక్తి సలాము చేసి, నేను అడగకముందే నా పెట్టె అందుకొని ఇరువది అడుగులు నడిచి టాక్సీ వద్ద దించినాడు. చేయి చాచినాడు. నా వద్ద చిల్లర లేదు. చేతికి వచ్చిన నోటు ఇచ్చివేసితిని. గదికి చేరి లెక్క చూసుకొనగా అది నా రెండు దినముల భోజనపు ఖర్చు. పోయిన సొమ్ము కంటె, కాదనలేక ఇచ్చితినన్న సిగ్గే ఎక్కువ కాలము నిలిచినది. అతనిని మోసగాడని అనలేను. నేను సిద్ధముగా లేకపోవుటయే అసలు కారణము.

అయితే సిద్ధముగా లేనివారిని వెదకి పట్టువారు ప్రపంచమంతట ఉన్నారు. పారిస్ నగరములో మన ముందు నేలమీద నుండి ‘బంగారు’ ఉంగరము తీసి, ఇది మీదేనా అని అడిగి, చివరకు ఇత్తడిని మనకు అంటగట్టువారున్నారు. చేతికి దారము కట్టి వెల అడుగువారున్నారు. బాంకాకులో రాజభవనము ఈ దినము మూసియున్నదని అబద్ధము చెప్పి, ఆటోలో త్రిప్పి, రత్నముల దుకాణమునకు చేర్చువారున్నారు. ఇస్తాంబులులో బూటు పాలిషు చేయువాడు కావలెననే బ్రష్షు జారవిడుచును; మనము తీసి ఇచ్చినంతనే కృతజ్ఞతగా మన బూట్లు తుడిచి, తరువాత డబ్బు అడుగును. మన ఢిల్లీ రైలు స్టేషను వద్దకూడ మీ టికెట్టు రద్దయినదని చెప్పి బూటకపు పర్యాటక కార్యాలయమునకు తీసికొనిపోవువారి సంగతి తెలిసినదే.

ఈ కథలన్నిటిలోను మూడు లక్షణములు సమానముగా కనిపించును. అడగని సహాయము మొదటిది. దాని వలన మనకు కలుగు మొగమాటము రెండవది. ఆలోచించుటకు వ్యవధి ఇవ్వని తొందర మూడవది. ఈ మూడును ఒక్కచోట చేరినచో అక్కడినుండి నడచిపోవుటయే ఉత్తమము. మొగమాటము మన ఇంటిలో సుగుణము. పరాయి బజారులో అదే మన బలహీనత.

పైన చెప్పినవి జేబుకు చిల్లు పెట్టునవి మాత్రమే. కుటుంబములను కూల్చు మోసములు వేరు. చెప్పిన కూలి ఒకటి, చేతికి వచ్చినది మరొకటి అగుట మన కొండలకు కొత్త కాదు. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటునకు గూడెము ప్రాంతములో రోడ్డు పనులు చేసినవారికి సరియైన కూలి ముట్టకపోవుట ఒక ముఖ్య కారణము. ఆ పోరాటము నడిపిన అల్లూరి సీతారామరాజు స్మారకము మన మండలములోని కృష్ణదేవిపేటలోనే ఉన్నది. అదే కాలములో విశాఖపట్నము, కాకినాడ రేవుల నుండి వేలాది తెలుగు కూలీలు ఓడలలో రంగూను వెళ్ళిరి. కోరంగి రేవు పేరుమీద అక్కడివారు మనవారిని కోరంగీలని పిలిచిరి. ఓడ ఖర్చు, బయానా మేస్త్రీ ఇచ్చును. ఆ అప్పు తీరువరకు కూలి మేస్త్రీ చేతిలో ఉండును. బయానా అందుకొన్ననాడు అది సహాయమువలెనే కనిపించినది.

మేస్త్రీ స్థానములో నేడు ఏజెంటు వచ్చినాడు. విదేశ ఉద్యోగములకు మనుష్యులను పంపు ఏజెంటు ప్రభుత్వము వద్ద నమోదై ఉండవలెనని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము శాసించుచున్నది. అతడు అభ్యర్థి నుండి తీసికొనదగిన రుసుమునకు నియమములు 30,000 రూపాయలు, దానిపై పన్ను అని హద్దు పెట్టినవి. లక్షలు అడుగుచున్నాడనగానే సంగతి అర్థము కావలెను. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశములు మొదలైన 18 దేశములకు ఉద్యోగమునకు వెళ్ళునపుడు ఎమిగ్రేషన్ తనిఖీ జరుగును. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ఈ తనిఖీ లేదు. చదువుకొన్నవాడు తన మేలు తాను చూసుకొనగలడని చట్టము నమ్మినది. కళాశాల విద్యార్థులు ఈ మాటను జాగ్రత్తగా గమనించవలెను. వారి కాగితములు వారు గాక తనిఖీ చేయువారు వేరెవ్వరును లేరు.

ఆ నమ్మకమును మోసగాండ్రు ఎట్లు వాడుకొనిరో 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టిన కేసు చెప్పుచున్నది. కంప్యూటరు మీద డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపిరి. అక్కడ వారిని నిర్బంధించి, మన దేశములోని వారికే ఫోనులు చేసి మోసగించు పనిలో పెట్టిరి. కొందరు ఎదురు తిరిగిన పిమ్మట, భారత రాయబార కార్యాలయము సాయముతో స్వదేశము చేరిరి. మోసపోవుట ఒక దుఃఖము. మోసము చేయుటకు బలవంతపడుట అంతకు మించిన దుఃఖము.

పుణ్యయాత్రలు కూడ దీనికి వెలుపల లేవు. 2024 హజ్ కాలములో తీవ్రమైన ఎండలలో 1,301 మంది మరణించిరని, వారిలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వము ప్రకటించినది. అనుమతి లేనివారికి చల్లని గుడారములు లేవు, బస్సులు లేవు. వారు మండుటెండలో మైళ్ళకొలది నడిచిరి. సందర్శక వీసా మీద హజ్ చేయించెదమని సొమ్ము తీసికొన్న దళారుల పాపము ఇందులో ఎంతో ఉన్నది. సందర్శక వీసా హజ్‌కు చెల్లదు. ఇంటి పెద్దలు జీవితమంతా కూడబెట్టిన సొమ్ము చెల్లించుటకు ముందు, చదువుకొన్న పిల్లలు ఆ వీసా కాగితమును ఒక్కసారి చదివి చెప్పవలెను.

ప్రయాణమునకు సిద్ధపడువారు ఈ క్రింది నియమములు పాటించుట మంచిది.

1. బయలుదేరుటకు ముందే ఆ దేశపు నాణెము విలువను, బక్షీసు ఆచారమును తెలుసుకొనుడు. చిన్న నోట్లు వేరు జేబులో ఉంచుడు.

2. టాక్సీ ఎక్కకముందే మీటరు సంగతి గాని, ధర గాని తేల్చుకొనుడు. పెట్టె మీ చేతిలోనే ఉండనిండు.

3. కార్డుతో చెల్లించునపుడు, రూపాయలలోనా స్థానిక ద్రవ్యములోనా అని యంత్రము అడిగినచో స్థానిక ద్రవ్యమునే కోరుడు. రూపాయలలో కోరినచో మారకపు ధరలో నష్టము కలుగును.

4. ఏజెంటు నమోదు సంఖ్యను కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వ్యవస్థలో సరిచూడుడు. సందర్శక వీసా మీద ఉద్యోగమునకు వెళ్ళకుడు.

5. ఒప్పంద పత్రము ఏ భాషలో ఉన్నను అర్థము తెలుసుకొనక సంతకము చేయకుడు. దాని నకలు ఇంటివద్ద ఒకటి ఉంచుడు.

6. పాస్‌పోర్టు మీది. దానిని యజమాని తనవద్ద ఉంచుకొనుట గల్ఫ్‌లో కూడ అనేక చోట్ల చట్టవిరుద్ధము. భారత రాయబార కార్యాలయపు చిరునామా వ్రాసి ఉంచుకొనుడు.

7. మోసపోయినచో సిగ్గుపడి దాచకుడు. కంప్యూటరు, ఫోను ద్వారా సొమ్ము పోయినచో మన దేశములో 1930 సంఖ్యకు వెంటనే తెలుపుడు. ఆలస్యమైనకొలది సొమ్ము దొరకు ఆశ తగ్గిపోవును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. పఠన మందిరములో ఒక గోడ పలకపై ఏజెంటును సరిచూచు విధానమును, ఫిర్యాదు చేయవలసిన చోటులను ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించినచో ఖర్చు స్వల్పము, ప్రయోజనము అధికము. సెలవులలో ఇంటికి వెళ్ళు ప్రతి విద్యార్థియు దానిని తన ఊరికి మోసుకొనిపోవును. జీడిమామిడి తోట తాకట్టు పెట్టి కొడుకును పంపదలచిన తండ్రికి, ఆ కాగితము మీద వేలు పెట్టి చదివి చెప్పగలవాడు ఆ ఇంటిలో ఒక్కడు ఉన్న చాలును.

చివరిగా ఒక మాట. జాగ్రత్త అనగా అందరిని అనుమానించుట కాదు. పరదేశములో దారి తప్పిన మనవారికి అన్నము పెట్టి ఇల్లు చేర్చిన అపరిచితులు ఎందరో ఉన్నారు. కష్టపడినవానికి తగినది సంతోషముగా ఇత్తము. బెదిరించి అడిగినవానికి నిర్భయముగా కాదని చెప్పుదము. ఈ రెండును తెలిసినవాడు ఏ దేశమునకు వెళ్ళినను మన ఊరి మర్యాదను నిలబెట్టును.