రెండు కిలోలు మోసే అయస్కాంతం మీ ఫ్రిజ్ మీద ఎందుకు జారిపోతుంది?

వెడల్పు 10 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత ఉండే ఈ నియోడిమియం బిళ్ల దాదాపు 2 కిలోల బరువు పట్టుకుంటుందని అమ్మేవాళ్లు రాస్తారు. అది అబద్ధమేం కాదు. అయినా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి అరకిలో సంచి తగిలిస్తే, జర్రున జారి కిందికొచ్చేస్తుంది.

ఎందుకంటే ఆ 2 కిలోల లెక్క, బిళ్లను మందపాటి ఇనుప దిమ్మకు అంటించి ఎదురుగా లాగి ఊడదీసినప్పటిది. తలుపు మీద సంచి లాగేది కిందికి. అక్కడ బిళ్లను ఆపాల్సింది రాపిడి. నున్నటి పెయింటు మీద ఆ రాపిడి బలం ఆకర్షణలో ఐదో వంతు ఉంటే గొప్ప. అంటే 2 కిలోలు కాస్తా 400 గ్రాములయ్యాయి. పైగా ఫ్రిజ్ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి ఆ 400 కూడా పూర్తిగా దక్కవు. కొక్కేల కోసమైతే రబ్బరు తొడుగున్నవి తీసుకోండి. ఎదురులాగుడులో కాస్త బలం తగ్గినా జారవు.

రెండో లెక్క సందుది. ఇంత చిన్న బిళ్లకూ ఇనుముకూ మధ్య ఒక్క మిల్లీమీటరు దూరం వస్తే పట్టు సుమారు సగానికి పడిపోతుంది. 5 మిల్లీమీటర్లయితే పదో వంతు కూడా మిగలదు. మామూలు తెల్ల కాగితాలు పది కలిస్తే ఒక మిల్లీమీటరు. కరెంటు బిల్లును పట్టుకున్న బిళ్ల నాలుగు శుభలేఖలను పట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఈ రెండూ తెలిస్తే ఏ చిట్కా పనికొస్తుందో మనమే చెప్పొచ్చు. సబ్బు చిట్కా చూడండి. కూల్‌డ్రింక్ గాజు సీసా మూతను పళ్లవైపు నుంచి కొత్త సబ్బులోకి నొక్కాలి. గోడకు బిగించిన చిన్న కడ్డీ చివర, కిందికి చూసేలా అయస్కాంతం అతికించాలి. సబ్బు గాల్లో వేలాడుతూ ఆరుతుంది, అడుగున నానిపోదు. ఇక్కడ మూత నేరుగా అయస్కాంతాన్ని తాకుతుంది, బరువు ఎదురుగా లాగుతుంది. సందూ లేదు, జారుడూ లేదు. 125 గ్రాముల సబ్బుకి ఇది చాలా ఎక్కువ బలం. కాకపోతే మూత తుప్పు పడుతుంది, సబ్బు మార్చినప్పుడల్లా మూత కూడా మార్చాలి.

నేల మీద గుండుసూదులు ఒలికితే నియోడిమియం కన్నా పాత రేడియో స్పీకర్‌లోని నల్ల రింగే మేలు. అది ఫెరైట్. అయస్కాంతాల శక్తిని కొలిచే కొలమానంలో ఫెరైట్‌కి 3, 4 పాయింట్లుంటే, నియోడిమియంలో చవక రకానికే 35. ఎన్35 అన్న పేరులోని అంకె అదే. అంత బలమైనదాన్నుంచి సూదులు ఊడదీయడం ఇంకో పని. రింగును పాలిథిన్ కవర్లో పెట్టి నేల మీద తిప్పండి. సూదులు కవరుకి బయటినుంచి అంటుకుంటాయి. అప్పుడు కవరును తిరగేస్తూ రింగును బయటికి లాగితే సూదులన్నీ కవర్లో ఉండిపోతాయి.

పాత ఫ్రిజ్‌ను తుక్కుకి ఇచ్చేముందు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ లాక్కోండి. దానిలోపల పొడవాటి అయస్కాంత పట్టీ ఉంటుంది, కత్తెరతో తెగుతుంది. రెండు ముక్కలు ఏ వైపు కలుస్తాయో చూసుకుని దోమతెర అంచుల్లో కుడితే తెర తనంతట తానే మూసుకుంటుంది. ఈ పట్టీ ఫ్రిజ్‌లోకి రావడం వెనుక ఓ చట్టం ఉంది. ఒకప్పుడు ఫ్రిజ్‌లకు బయటి గడియ ఉండేది. ఆటలో లోపల దూరిన పిల్లలు ఊపిరాడక చనిపోయేవారు. అమెరికా 1956లో చట్టం చేసింది. 1958 అక్టోబరు చివరి నుంచి తయారయ్యే ఇంటి ఫ్రిజ్‌ల తలుపులు లోపల్నుంచి 15 పౌండ్ల, అంటే 7 కిలోల లోపు తోపుకే తెరుచుకోవాలంది. గడియ పోయి అయస్కాంతం వచ్చింది.

గిన్నెల విషయంలో దుకాణం మాట పూర్తిగా నమ్మకండి. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలు అంటారు. 8 శాతం నికెల్ ఉన్న 304 రకం అంటదు, నిజమే. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చవక రకాలూ అంటవు. ఇండక్షన్ స్టవ్‌కి మాత్రం ఈ పరీక్ష సరైనదే. అడుగుకి గట్టిగా అంటుకున్న గిన్నే దాని మీద వేడెక్కుతుంది. పరీక్షించే అయస్కాంతం పనిచేస్తోందో లేదో చూడాలంటే ఇప్పటి రూపాయి బిళ్ల చాలు, అంటుకుంటుంది. పది రూపాయల బిళ్ల అంటుకోదు.

అయస్కాంతంతో గోడలో కట్టెలు వెతికే వీడియోలు మన ఇటుక గోడలకు దండగ. కరెంటు మీటరుకు అయస్కాంతం పెడితే బిల్లు తగ్గుతుందనే సలహా దండగ మాత్రమే కాదు, నేరం. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

వంటగట్టు మీద కత్తుల అయస్కాంత పట్టీ పెట్టుకునేవాళ్లు పొయ్యికి దూరంగా బిగించండి. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, చల్లారాక కూడా తిరిగిరాదు. పట్టుచీరకు చిల్లు పడకుండా వాడే అయస్కాంతపు పిన్ను బాగానే ఉంటుంది గానీ, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దాన్ని పెట్టుకోకూడదు. అయస్కాంతం పేస్‌మేకర్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో గుండీ సైజు నియోడిమియం బిళ్లలు అసలు వద్దు. స్పీకర్ రింగు, ఫ్రిజ్ పట్టీ సరిపోతాయి. ఒక బిళ్ల మింగితే చాలాసార్లు బయటికి వెళ్లిపోతుంది. రెండు మింగితే పేగుల్లో వేర్వేరు మడతల నుంచి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో నలిగిన పేగుకి చిల్లు పడుతుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, కడుపునొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి.