యాభై డాలర్లూ ఒక పియానో

సంగీతకారుల జీవిత చరిత్రల్లో నేను ఒక వాక్యం దగ్గర ఆగిపోతాను. ‘పదో ఏట కుటుంబం విదేశానికి తరలివెళ్లింది’ అని ఉంటుంది. ఆ వెంటనే మొదటి కచేరీ, మొదటి రికార్డు, బిరుదులు, సన్మానాలు. పెట్టెల్లో ఏం సర్దారు, ఏది ఎవరింట్లో వదిలేశారు, కొత్త బళ్లో ఎవరు ఏడిపించారు, ఒక్క ముక్క ఉండదు. తొమ్మిదో ఏట తెనాలి నుంచి జాంబియా వెళ్లినవాణ్ని కాబట్టి నాకు ఆ పెట్టెల సంగతే కావాలి. పోయిన నెల మా ఇంట్లో మళ్లీ పెట్టెలు సర్దారు. చెల్లెలి కుటుంబం హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వెళ్లింది. మేనకోడలికి సరిగ్గా తొమ్మిదేళ్లు. అందుకే ఈసారి విశేషాలన్నీ ఆ ఒక్క వాక్యం చుట్టూనే.

*

మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’ పాట మధ్యలో గిటార్ మోత ఒకటి ఒళ్లు ఝల్లుమనేలా వస్తుంది చూడండి, అది వాయించింది ఎడ్డీ వాన్ హేలెన్. ఆయన పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో. 1962లో ఏడేళ్ల వయసులో ఓడెక్కి అమెరికా వచ్చాడు. నాన్న క్లారినెట్ వాయించేవాడు. దారి ఖర్చులకని ఓడలోనే బ్యాండుతో కలిసి వాయించాడు. ఒడ్డున దిగేసరికి ఆ ఇంటి ఆస్తి యాభై డాలర్లూ ఒక పియానో అని ఎడ్డీ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఇంగ్లీషు రాదు, ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, పియానో మాత్రం ఉంది! పాత ఇనప బీరువాను తెనాలి నుంచి గుంటూరు మోయించడానికే మా నాన్న నెల్లాళ్లు ఆలోచించాడు.

తర్వాతి ముచ్చట ఇంకా బాగుంటుంది. అన్న అలెక్స్ గిటార్ పట్టాడు, ఎడ్డీ డ్రమ్స్ కొనుక్కున్నాడు. వాటి బాకీ తీర్చడానికి తెల్లారే పేపర్లు వేయడానికి పోతే, ఇంట్లో ఉన్న అన్న ఆ డ్రమ్స్ మీద సాధన చేసి తమ్ముణ్ని మించిపోయాడు. ‘అయితే నీ గిటార్ నాకిచ్చెయ్’ అని ఎడ్డీ దాన్ని లాక్కున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మారకం పెట్టుకున్న వాయిద్యాలతోనే బతికారు.

*

1981లో మేం బయల్దేరినప్పుడు మా పెట్టెల బరువు మనిషికి ఇరవై కిలోలు. నాన్న లెక్కల మాస్టారు. జాంబియా బళ్లలో ఆ రోజుల్లో మన దేశపు టీచర్లు చాలామంది ఉండేవారు. మా వంతు ఊరు రాగి గనుల ప్రాంతంలోని కిట్వే. ఆవకాయ జాడీ వెళ్లింది. ప్రెషర్ కుక్కర్ వెళ్లింది. నాన్న ఇరవై రెండు క్యాసెట్లు తువ్వాళ్ల మడతల్లో దాచి తీసుకెళ్లాడు. క్యాసెట్టు అనేది నాకన్నా చిన్నదనుకునేవాణ్ని. నిజానికి నాకన్నా పెద్దది, ఫిలిప్స్ వాళ్లు దాన్ని 1963లో బయటికి తెచ్చారు.

వెళ్లనిది అక్క వీణ. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలోంచి తొలిచిన ఏకాండి. అక్కకు పద్నాలుగేళ్లు, అప్పుడే వర్ణాల్లోకి వచ్చింది. ‘మూడేళ్లేగా, ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం’ అని దాన్ని పాత దుప్పటిలో చుట్టి రేపల్లెలో పిన్ని వాళ్లింట్లో పెట్టాం. ఆ సంగతి మళ్లీ చెప్తాను.

*

1963లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి యంగ్ అనే పెద్ద కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లింది. ఆ ఏటి చలి అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకునేంత చలి. సిడ్నీలో దిగిన వలసవాళ్లను విలావుడ్ అనే హాస్టల్లో ఉంచేవారు. రేకుల కప్పుల కింద దేశదేశాల వాళ్లు. అక్కడ ఆ ఇంటి పిల్లల్లో ఒకడైన జార్జ్‌కి హాలండ్ నుంచి వచ్చిన హ్యారీ వాండా తగిలాడు. ఇద్దరూ కలిసి ‘ఈజీబీట్స్’ బృందం కట్టారు. ఆ తర్వాత జార్జ్ తమ్ముళ్లు మాల్కమ్, ఆంగస్ పెట్టిన బృందానికి తొలి రికార్డులు చేసిపెట్టిందీ ఈ జోడీయే. ఆ బృందం ఏసీ/డీసీ.

ఆ పేరు ఎక్కడిదంటారు? అక్క మార్గరెట్ కుట్టుమిషన్ మీద రాసున్న అక్షరాలవి. ఆంగస్ బడి యూనిఫాం నిక్కరుతో స్టేజీ మీద గెంతుతాడే, ఆ ఆలోచన కూడా మార్గరెట్‌దే. బృందానికి పేరూ బట్టలూ ఇచ్చిన మనిషి ఏ పోస్టరు మీదా కనపడదు.

*

అక్కల మాట వచ్చింది కాబట్టి మొజార్ట్ దగ్గరికి వెళ్లాలి. 1763 జూన్‌లో నాన్న లియోపోల్డ్ ఇద్దరు పిల్లల్నీ గుర్రబ్బండి ఎక్కించి సాల్జ్‌బర్గ్ నుంచి బయల్దేరాడు. మ్యూనిక్, పారిస్, లండన్, హేగ్... తిరిగి ఇంటికొచ్చేసరికి మూడున్నరేళ్లు. వోల్ఫ్‌గాంగ్‌కి అప్పుడు ఏడేళ్లు. అక్క నానెర్ల్‌కి పన్నెండు నిండబోతున్నాయి. కచేరీలు ఇద్దరివీ. ఆమె కూడా కీబోర్డు మీద ఆరితేరిన పిల్లే.

1764లో లండన్‌లో నాన్నకు బాగా జబ్బు చేసింది. గాలి మార్పు కోసం ఊరి అంచున చెల్సీ వైపు ఇల్లు తీసుకున్నారు. ఇంట్లో చప్పుడు చేయకూడదు, వాయిద్యం ముట్టకూడదు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఏం తోస్తుంది? కూర్చుని తన మొదటి సింఫనీ రాశాడు. పక్కన కూర్చుని నేను కాపీ చేయాల్సి వచ్చిందనీ, కొమ్ముబూరలకు మంచి పని తగిలించాలి, మరిచిపోకుండా గుర్తుచేయమన్నాడనీ నానెర్ల్ పెద్దయ్యాక రాసుకుంది. నాకు ఈ గదే కళ్లముందు కదులుతుంది. జబ్బు మనిషి దగ్గు, నోరు నొక్కుకున్న పిల్లలు, గీతలు గీసిన కాగితం.

హేగ్‌లో ఇద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలొచ్చి చావు దాకా వెళ్లొచ్చారు. అయినా ప్రయాణాలు ఆగలేదు. 1769 చివర్లో నాన్నా తమ్ముడూ ఇటలీ బయల్దేరినప్పుడు మాత్రం నానెర్ల్ ఇంట్లో ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల. ఇంకేం రాయక్కర్లేదు, మనకు అర్థమైపోతుంది.

దీనికి జతగా ఇంకొకటి. చెల్లో వాయించే యో యో మా పారిస్‌లో 1955లో పుట్టాడు, అమ్మానాన్నలు చైనావాళ్లు. ఏడో ఏట న్యూయార్క్ వచ్చారు. అదే 1962 నవంబరు 29న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కెనెడీ ముందు వాయించాడు. సభను నడిపింది లెనార్డ్ బెర్న్‌స్టీన్. పియానో మీద కూర్చున్నది అక్క, యో చెంగ్. ఆమె తర్వాత పిల్లల డాక్టరైంది. ఆ కచేరీ వీడియోలో అందరూ తమ్ముణ్ని చూస్తారు. ఈసారి అక్క చేతులు చూడండి.

*

మూడేళ్ల తర్వాత తిరిగొచ్చి రేపల్లెలో దుప్పటి విప్పాం. వీణ మీద ఇరవై నాలుగు మెట్లుంటాయి, వాటిని మైనంలో నిలబెడతారు. ఆ మైనం ఎండి పెళుసుబారింది. ఏడెనిమిది మెట్లు ఊడి దుప్పట్లో రాలాయి. దండి మీద ఒక సన్న బీట. నాన్న బాగు చేయిస్తానన్నాడు. అక్కకు ఇంటర్ పరీక్షలు, తర్వాత డిగ్రీ, తర్వాత పెళ్లి. ఆ ఊడిన మెట్లు మాత్రం ఒక బోర్న్‌వీటా డబ్బాలో చాలాకాలం కనపడేవి.

*

కొన్ని గబగబా. ఇంగ్లండ్‌లో 1967లో బీటిల్స్ రికార్డును మొదటి స్థానానికి రాకుండా అడ్డుపడిన గాయకుడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ మన మద్రాసులో పుట్టినవాడే. అసలు పేరు ఆర్నాల్డ్ డోర్సీ, పదేళ్లకు లెస్టర్ వెళ్లిపోయాడు. ఆ నోరు తిరగని పేరు ఒక జర్మన్ స్వరకర్త దగ్గర అరువు తెచ్చుకున్నది. ఇంకో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ పుట్టింది లక్నోలో, 1948లో ఓడెక్కాడు.

రాక్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీది తిరకాసు ప్రయాణం. జాంజిబార్‌లో పార్సీ ఇంట్లో పుట్టాడు, పేరు ఫరోఖ్ బల్సారా. ఎనిమిదేళ్ల వయసులో చదువుకని మహారాష్ట్రలోని పంచగనికి, హాస్టల్‌కి పంపేశారు. పిల్లల్ని హాస్టల్లో వేయడం మనకేం కొత్త కాదు గానీ, సముద్రం దాటించి వేయడం వేరు. అక్కడే ‘ఫ్రెడ్డీ’ అయ్యాడు, అక్కడే ‘హెక్టిక్స్’ అనే బడి బృందంలో పియానో వాయించాడు. 1964లో జాంజిబార్ విప్లవం వచ్చి ఇల్లంతా లండన్ పారిపోయింది. 1985 జులైలో వెంబ్లీలో సుమారు 72 వేల మందిని ఒక్క చేతి సైగతో పాడించిన మనిషి, అప్పటికే రెండు దేశాల్లో కొత్త పిల్లవాడిగా బతికినవాడు.

రవిశంకర్‌ది వెనక్కి వచ్చిన కథ. 1930లో పదేళ్లకు అన్న ఉదయ్‌శంకర్ నృత్య బృందంతో పారిస్ వెళ్లాడు. సితార్ కాదు, నాట్యం. మంచి సూట్లు, మంచి హోటళ్లు. 1935లో ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ ఆ బృందంతో కలిసి ప్రయాణించాడు. బొంబాయి రేవులో తన చేతిని అమ్మ ఆ ఉస్తాద్ చేతిలో పెట్టిందని రవిశంకర్ రాసుకున్నాడు. మళ్లీ అమ్మను చూడలేదు. 1938లో నాట్యం వదిలేసి, గుండు చేయించుకుని, మధ్యప్రదేశ్‌లోని మైహర్ అనే చిన్న ఊరికి శిష్యుడిగా వెళ్లాడు. విదేశం వెళ్లడం కన్నా ఇలా వెనక్కి రావడానికి ఎక్కువ దమ్ము కావాలని నా లెక్క.

*

మన ఇంటి లెక్క కూడా చూద్దాం. త్యాగయ్యగారి పెద్దలు కంభం దాపున ఉన్న కాకర్ల నుంచి తమిళ దేశం వెళ్లినవాళ్లు. ఆయన పుట్టింది 1767లో తిరువారూరులో. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. ఊరు ఇంటిపేరై మిగిలింది, భాష కీర్తనల్లో మిగిలింది. తరాలు గడిచినా బరువు చూడకుండా మోసుకెళ్లిన సామాను అదొక్కటే.

ఇక వయొలిన్ సంగతి. అది మన కచేరీలోకి వచ్చింది కూడా ఒక ఇల్లు మారినందువల్లే. ముత్తుస్వామి దీక్షితార్ కుటుంబం తిరువారూరు వదిలి మద్రాసు దగ్గర మణలిలో ఒక జమీందారు ఆశ్రయానికి వచ్చింది. అక్కడ తెల్లవాళ్ల బ్యాండు చెవిన పడి, తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ ఒక దొర దగ్గర ఆ వాయిద్యం నేర్చుకున్నాడు. దాన్ని మన గమకాలకు లొంగదీసిన తొలివాళ్లలో ఆయన ఒకడు. ఆ కుటుంబం తిరువారూరులోనే ఉండిపోతే, వయొలిన్ నేర్చుకునే మా మేనకోడలి చేతిలో ఇప్పుడు ఏముండేదో!

*

కిట్వే గురించి ఒక సిగ్గుపడే విశేషం. శనివారం రాత్రి పక్కింట్లో, గనిలో పనిచేసే ఆయన ఇంట్లో, గిటార్ మోత, డ్రమ్స్, నవ్వులు. అమ్మ కిటికీ మూసేది. నాన్న మా క్యాసెట్టు సౌండు పెంచేవాడు. టేపు సాగిపోయి ఘంటసాల గొంతు మంద్రంలోకి జారేది. పొద్దున ఆయన గేటు దగ్గర ‘ములి శాని’ అని పలకరిస్తే నేనూ అదే మాట తిరిగి అనేవాణ్ని. బెంబా భాషలో ‘ఎలా ఉన్నావు’ అని. దానికి జవాబు వేరే ఉందని కూడా నాకు తెలియదు.

ముప్ఫై ఏళ్ల తర్వాత తెలిసింది. 1970ల్లో ఆ దేశంలో, ముఖ్యంగా మా రాగి గనుల ఊళ్లలో, జామ్‌రాక్ అనే సంగీతం పుట్టింది. రేడియోలో వేసే పాటల్లో నూటికి 95 జాంబియావే ఉండాలని అధ్యక్షుడు కెన్నెత్ కౌండా ఆజ్ఞ వేశాడు. కుర్రాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లకు తమ తాళాలు జోడించారు. వాళ్లలో పేరుమోసిన బృందం ‘విచ్’, అందులో పాడే ఇమాన్యుయేల్ చాందా పెరిగింది కిట్వేలోనే. మిక్ జాగర్ పేరును తమ వాటంగా తిప్పి ఆయన్ని ‘జగారి’ అని పిలిచేవారు. రాగి ధర పడింది, ఊళ్లు చితికాయి, బృందాలు చెదిరాయి. జగారి రత్నాల కోసం గనులు తవ్వుకుంటూ బతికాడు. 2010 తర్వాత పాత రికార్డులు మళ్లీ విడుదలై, ఆయన తెల్లజుట్టుతో ఐరోపాలో, అమెరికాలో కచేరీలు చేశాడు. నేను మూడేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. కిటికీకి ఇవతల.

*

ఇప్పుడు ఇంటి విశేషాలు. పోయిన ఆదివారం చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు అక్కను తీసుకెళ్లాను. వీణ కచేరీ. ఎడమ చెయ్యి కనిపించే వైపే కూర్చుంటానని పట్టుబట్టి సీటు మార్పించింది.

మెల్‌బోర్న్ పెట్టెలు సర్దే రోజు బావ, ‘వయొలిన్ అక్కడే కొనుక్కుందాం, ఇది అర సైజుదేగా, ఏడాదిలో పొట్టిదైపోతుంది’ అన్నాడు. లెక్క తప్పు లేదు. ఏ విషయంలోనూ అడ్డురాని అక్క, మంచం మీద పరిచిన చీరల్లోంచి మూడు తీసి పక్కన పడేసింది.

“ఇవి నేను తర్వాత పంపిస్తాను. ఫిడేలు పెట్టు. తీగలు కాస్త దించి పెట్టు.”

నిన్న రాత్రి వీడియో కాల్. అక్కడ బళ్లో ఎవరూ తన పేరు సరిగ్గా పలకడం లేదట. “నేనే షార్ట్ చేసేశాను మావయ్యా” అంది మేనకోడలు. తర్వాత కెమెరా ముందు కూర్చుని మాయామాళవగౌళలో జంట వరుసలు మొదలుపెట్టింది. నెట్ ఆగిఆగి వస్తోంది, స్వరాలు సగం సగమే. అక్క ఫోన్ చెవికి ఆనించుకుంది, బొమ్మ చూడ్డం మానేసి.

“ఆగవే. పంచమం దిగింది.”

“దిగలేదు పెద్దమ్మా, ఇందాకే శ్రుతి చూసుకున్నాను.”

“దిగింది. బిరడ జోలికి పోకు, కింద చిన్న మర ఉంటుంది చూడు, అది తిప్పు. ఇంకొంచెం. ఇంకా. ఆ...”

వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. అక్క ఫోన్ నా చేతిలో పెట్టి లేచింది.