గళ్ళ బట్టపై రామచిలుకలు
(క్రాస్ స్టిచ్ క్రొత్తగా ఆరంభించేవారి కోసం)

మా అకౌంట్స్ విభాగంలో మధ్యాహ్న భోజన విరామం అరగంట. ఆ అరగంటను కొన్ని వారాలపాటు మేము నలుగురు సహోద్యోగినులం ఒక చదరపు బట్టకు అంకితం చేశాము. మా విభాగంలో చిరకాలం పనిచేసిన పెద్దావిడ ఒకరు నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. శాలువ, వెండి కుందులు, జ్ఞాపిక ఎలాగూ ఇతరులు ఇస్తారు. మా చేతులతో చేసినదేదైనా ఇవ్వాలని మా సంకల్పం. గడువు ఏడు వారాలు. మాలో ఒక్కరికీ క్రాస్ స్టిచ్ రాదు!

అయితే చుక్కల ముగ్గు వేయగలవారికి ఈ కుట్టు కొరుకుడు పడని విద్య కాదు. బట్టలోని ఒక గడిలో మూల నుండి మూలకు ఒక ఏటవాలు కుట్టు, దానిపై అడ్డంగా మరొకటి, అంతే. గళ్ళ కాగితంపై ఏ గడిలో ఏ రంగు ఉన్నదో, బట్టపై ఆ గడిలో ఆ రంగు దారం. బట్టపై బొమ్మ గీసుకోనక్కరలేదు. ఇది విదేశీ విద్య అనుకునేవారు ఉత్తర కర్ణాటకలోని ధారవాడ ప్రాంతపు కసూతి పనిని గమనించాలి. అందులోని నాలుగు కుట్లలో ‘మెంతి’ అనేది క్రాస్ స్టిచ్చే. మన పోపుల పెట్టెలోని మెంతుల పేరే దానికి వచ్చింది.

మొదట బట్ట సంగతి. ఐడా బట్టలో పడుగు పేకలు గుంపులుగా నేయబడి, గడి గడికీ నాలుగు మూలల రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. 14 కౌంటు అంటే అంగుళానికి 14 గళ్ళు. క్రొత్తవారికి 11 గాని 14 గాని అనుకూలం. 18 జోలికి పోరాదు, కన్నులు అలసిపోతాయి. బడిలో కుట్టుపని నేర్చినవారికి తెలిసిన మ్యాటీ బట్ట కూడా పనికివస్తుంది గాని, దానిలో గళ్ళను మనమే జాగ్రత్తగా లెక్కించుకోవాలి.

కొలత కత్తిరింపుకు ముందే వేసుకోవాలి. మేము ఎన్నుకొన్న రామచిలుకల జంట 112 గళ్ళ వెడల్పు, 84 గళ్ళ ఎత్తు. 14తో భాగిస్తే 8 అంగుళాలు, 6 అంగుళాలు. పటం కట్టించుటకు నలుప్రక్కలా 3 అంగుళాల చొప్పున విడిచిపెట్టి, 14 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గల ముక్క తీసుకొన్నాము. అదే బొమ్మ 11 కౌంటు బట్టపై కుడితే వెడల్పే 10 అంగుళాలు దాటుతుంది. అంచులు పీచు లేవకుండా చుట్టూ వదులుగా ఒక కుట్టు వేసుకొంటే మంచిది.

సూది మొద్దు మొన గలదై ఉండాలి. 14 కౌంటుకు 24వ నంబరు సరిపోతుంది. దారపు చిలపలో 8 మీటర్ల పొడవున ఆరు పోగులు కలిసి ఉంటాయి. వానిలో రెండు పోగులనే వాడాలి. రెంటినీ ఒకేసారి లాగితే చిక్కుపడును. ఒక్కొక్కటిగా లాగి, మరల జత చేయాలి. దారం మూరెడు చాలు. మాలో ఒకరు మాటిమాటికీ సూది ఎక్కించలేక బారెడు దారం తీసుకొన్నారు. ఆ మధ్యాహ్నమంతా చిక్కులు విప్పుటతోనే సరిపోయింది.

బట్టను నాలుగుగా మడిచి, మడతలు కలిసిన చోటనే, అనగా నట్టనడుమ కుట్టు మొదలుపెట్టాలి. ముడి వేయరాదు. ముడి ఉన్నచోట పటంలో బొడిపె తేలుతుంది. వెనుక అంగుళం దారం వదలి, మొదటి నాలుగైదు కుట్ల క్రింద అది ఇమిడిపోయేటట్లు కుట్టాలి. ముగించేటప్పుడు కూడా వెనుకనున్న కుట్ల క్రిందుగా సూదిని దూర్చి దారం కత్తిరించాలి. ఒకే రంగు గళ్ళు వరుసగా ఉంటే, పోవునప్పుడు సగం కుట్లు, వచ్చునప్పుడు మిగతా సగం వేసికొంటే చేయి వేగంగా సాగుతుంది.

ఇంతవరకు అన్నీ తెలిసికొనియే మొదలుపెట్టాము. తెలియనిది ఒక్కటే. పైన పడే కుట్టు బొమ్మ అంతటా ఒకే దిశకు వాలి ఉండాలి. నలుగురం వంతులవారీగా కుడుతున్నందున, ఇద్దరి పైకుట్టు కుడికి, ఇద్దరిది ఎడమకు వాలింది. ట్యూబులైటు క్రింద తేడా కనిపించలేదు. నాలుగవ వారంలో కిటికీ దగ్గర పెట్టి చూస్తే, ఒక చిలుక రొమ్ము సగం నిగనిగలాడుతున్నది, సగం వెలవెలబోతున్నది. దారం మెరుపు వాలును బట్టి మారుతుందని అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

వాదోపవాదాలు జరిగాయి. “పటంలో పెట్టాక ఎవరు చూస్తారు?” అన్నారొకరు. “ట్రయల్ బ్యాలెన్స్‌లో రూపాయి తేడా వస్తే ఆవిడ మనల్ని ఇంటికి పోనిచ్చేవారా?” అన్నారు మరొకరు. కుట్లు విప్పవలసిన ఇద్దరూ చిన్నబుచ్చుకొన్నారు. రెండు రోజులు భోజనాలు వేరు వేరు బల్లల దగ్గర జరిగాయి. చివరకు విప్పాము. చిన్న కత్తెరతో పైకుట్టును ముందువైపు నుండి కొద్దికొద్దిగా కత్తిరించి, సూది మొనతో పోగులు తీసివేశాము. విప్పిన దారం మరల వాడరాదు, దాని నిగారింపు పోయి ఉంటుంది. ఇక తప్పు జరుగకుండా బట్ట మూలన ఒక్క కుట్టు నమూనాగా వేసి, సూది పట్టే ముందు ప్రతివారూ దానిని చూడాలని నియమం పెట్టుకొన్నాము. పది గళ్ళకొకసారి బట్టపై సన్నని దారంతో గీతలు వేసికొనుట కూడా అప్పుడే మొదలుపెట్టాము. ఆపై లెక్క తప్పలేదు.

మరొక మాట. పని ఆపినప్పుడు సూదిని బట్టలో ఉంచరాదు. మా టౌన్‌షిప్ వంటి సముద్రపు గాలి తగిలే చోట త్రుప్పు మరక పడితే వదలదు. బిగింపు రింగును కూడా ఏ రోజుకారోజు తీసివేయాలి. పని పూర్తయ్యాక చల్లని సబ్బునీటిలో మెల్లగా జాడించి, ఎరుపు దిగితే నీరు తేటపడేవరకు జాడిస్తూనే ఉండి, మందపాటి తువాలుపై బొమ్మ క్రిందివైపుకు ఉండేటట్లు పరచి ఇస్త్రీ చేయాలి.

పటం కట్టించుటకు మాకు సమయం చాలలేదు. వీడ్కోలు సభనాడు ఇస్త్రీ మడతతోనే ఆవిడ చేతిలో పెట్టాము. ఆవిడ కళ్ళజోడు సవరించుకొని చిలుకలను ఒక్కసారి చూశారు. వెంటనే బట్టను వెనుకకు త్రిప్పి, వ్రేలితో మెల్లగా తడిమి, ఒకచోట ఆగారు.

“ఈ ముడి ఎవరిదమ్మా?” అన్నారు.

మాలో ఒకరు మెల్లగా చేయి ఎత్తారు.