మూత్రపిండ మార్పిడి అనంతర రక్తహీనత: పదం - అర్థం

‘రక్తహీనత’ అనే సమాసాన్ని విడదీస్తే రక్తం లేకపోవడం అనే అర్థం స్ఫురిస్తుంది. వైద్యశాస్త్రం దృష్టిలో లోపించేది రక్త పరిమాణం కాదు, ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషుల్లో 13, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే అది రక్తహీనత.

మూత్రపిండ మార్పిడి జరిగినవారి విషయంలో ఈ భేదం కీలకం. ఎముక మజ్జలో ఎర్రకణాల ఉత్పత్తిని ప్రేరేపించే ఎరిత్రోపొయిటిన్ హార్మోను ప్రధానంగా మూత్రపిండాల్లోనే తయారవుతుంది. కొత్త మూత్రపిండం చక్కగా పనిచేస్తే ఆ హార్మోను కొరత క్రమంగా తీరుతుంది. అయినా రక్తహీనత కొనసాగితే అందుకు కారణాలు పలు విధాలు: ఇనుము లోపం, మైకోఫినోలేట్, అజాథయోప్రిన్ వంటి మందులు మజ్జను అణచివేయడం, పార్వోవైరస్ బి19 సోకడం, అమర్చిన మూత్రపిండమే క్షీణించడం.

‘రక్తం తగ్గింది, ఎక్కిస్తే సరి’ అన్న లోకవ్యవహారం ఇక్కడ హాని చేయవచ్చు. ఎక్కించిన రక్తం వల్ల పరాయి కణజాలానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఏర్పడి, అమర్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించే ముప్పు పెరగవచ్చు. అందుచేత వైద్యులు వీలైనంతవరకు రక్తం ఎక్కించకుండా, ముందు కారణాన్ని అన్వేషిస్తారు. పదాన్ని మార్చనక్కరలేదు, వైద్య విషయాలను తెలుగులో రాసేవారు తొలి ప్రయోగంలోనే దాని నిర్వచనాన్ని జతపరచడం అవసరం.