మిథ్యాయంత్రములలో కెర్నెలు పతనము - చికిత్స

2024 జూలై 19వ తేదీన ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కమారుగా పనిచేయుట మానినవి. వాని తెరలు నీలివర్ణము దాల్చి నిలిచిపోయినవి. విమానములు ఆగినవి, పలు ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు వాయిదా పడినవి. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. ఇది శత్రువుల దాడి కాదు. కంప్యూటర్ల రక్షణకై క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన ఒక చిన్న ఫైలే ఇంతటి అనర్థమునకు కారణము.

కెర్నెలు అనగా నేమి?

కెర్నెలు అను ఆంగ్లపదమునకు గింజలోని పప్పు అని అర్థము. ఆపరేటింగు సిస్టములో అన్నిటికంటె లోపలి భాగము కనుక దీనికా పేరు వచ్చినది. ఏ ప్రోగ్రామునకు ఎంత మెమొరీ ఇయ్యవలెనో, ఎంతసేపు ప్రాసెసరును అప్పగించవలెనో, డిస్కుపై ఏది ఎక్కడ వ్రాయవలెనో నిర్ణయించునది కెర్నెలే.

సామాన్యమైన ప్రోగ్రాము తనది కాని మెమొరీని తాకినచో కెర్నెలు దానినొక్కదానినే ఆపివేయును. తక్కినవి యథాప్రకారము నడచును. కాని కెర్నెలే తప్పు చేసినచో దిద్దుటకు దానిపైన ఎవ్వరును లేరు. అట్టి స్థితిలో పని సాగించినచో చెడిన సమాచారము డిస్కుమీదికెక్కి శాశ్వతనష్టము కలుగవచ్చును. అందుచేత కెర్నెలు బుద్ధిపూర్వకముగనే తన్ను తాను నిలిపివేసికొనును. విండోసులోని నీలితెరకు, లినక్సులోని 'కెర్నెల్ పానిక్'కు అర్థమిదియే. చూచుటకు ఇది మరణమువలె తోచినను, నిజమునకు ఆత్మరక్షణమే.

ఆనాడు జరిగినది

క్రౌడ్‌స్ట్రైక్ వారి రక్షణ సాధనములో ఒక భాగము డ్రైవరు రూపమున కెర్నెలులోనే పనిచేయును. క్రొత్త ముప్పులను గుర్తించుటకు దానికి అప్పుడప్పుడు క్రొత్త ఫైళ్లు అందుచుండును. ఆనాటి 291వ సంఖ్య ఫైలు 21 అంశములను పరిశీలింపుమని కోరినది. డ్రైవరుకు అందుచుండినవి 20 మాత్రమే. లేని 21వ అంశమునకై డ్రైవరు పట్టికను దాటిపోయి అవతలి మెమొరీని చదువబోయినది. ఆ తప్పు కెర్నెలులో జరిగినందున యంత్రమంతయు ఆగిపోయినది.

భారత కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు ఆ ఫైలు వెలువడినది. 10 గంటల 57 నిమిషములకు దానిని సరిదిద్దిరి. అయినను అప్పటికే కూలిన యంత్రములకు దీనివలన వెంటనే మేలు కలుగలేదు. యంత్రమును తిరిగి నడిపింపగనే ఆ డ్రైవరు ఆదిలోనే మేల్కొనును. చెడ్డ ఫైలును చదివి మరల కూలును. మందు అందుటకు రోగి మేల్కొనవలెను. మేల్కొనుటకు మందు అందవలెను! ఇదియే అసలు చిక్కు.

మిథ్యాయంత్రము

ఇట్లు కూలినవానిలో మిథ్యాయంత్రములు, అనగా వర్చువల్ మెషీన్లు, అనేకము కలవు. ఒక పెద్ద కంప్యూటరుపై హైపర్‌వైజరు అను ప్రోగ్రామును నిలిపి, దానిచే పెక్కు కంప్యూటర్లు ఉన్నట్లు భ్రమ కల్పించుటయే ఈ పద్ధతి. ఇది క్రొత్తది కాదు, ఐ.బి.ఎం. సంస్థ 1960 దశకముననే దీనిని సాధించినది. ప్రతి మిథ్యాయంత్రమునకు తన కెర్నెలు తనకు ఉండును. అందుచే ఒకదాని కెర్నెలు కూలినను ప్రక్కది చెక్కుచెదరదు.

దీని ముందు కూర్చుండి మీటలు నొక్కుటకు వీలులేదు. మేఘసేవలలోని యంత్రము వేల మైళ్ల దూరమున ఉండవచ్చును. కాని దానికొక సౌలభ్యము కలదు. దాని డిస్కు లోహపు పళ్లెము కాక, ఊడదీసి మరొకదానికి తగిలింపదగిన సమాచార రాశి మాత్రమే.

చికిత్సాక్రమము

మొదట కూలిన యంత్రమును ఆపి, దాని డిస్కునకు ఒక ప్రతి తీయవలెను. చికిత్సలో పొరపాటు జరిగినను సమాచారము నశింపకుండుటకే ఈ జాగ్రత్త. పిమ్మట ఆ డిస్కును విడదీసి, ఆరోగ్యముగానున్న మరొక మిథ్యాయంత్రమునకు రెండవ డిస్కుగా తగిలింపవలెను. ఇప్పుడు పనిచేయునది ఆరోగ్యవంతమైన కెర్నెలు. రోగి డిస్కు దానికి కేవలము ఫైళ్ల సంచి. చెడ్డ డ్రైవరు మేల్కొనదు. అందులోని 291వ సంఖ్య ఫైలును తొలగించి, డిస్కును తిరిగి మొదటి యంత్రమునకు తగిలించినచో అది లేచి నడచును. రహస్యలిపిలోనికి మార్చిన డిస్కులకు మాత్రము ముందుగా 48 అంకెల తాళపుసంఖ్య కావలసి వచ్చినది. ఆ సంఖ్యను కూలిన యంత్రములలోనే భద్రపరచినవారి అవస్థ వేరుగ చెప్పనక్కరలేదు.

కొన్ని యంత్రములు కూలుటకు ముందే సరియైన ఫైలును అందుకొని తమంత తామే కోలుకొన్నవి. ఇందులకై పదునైదు మారుల వరకు తిరిగి నడిపింపవలసి రావచ్చునని మైక్రోసాఫ్టు సంస్థ తెలిపినది.

నేర్చిన పాఠము

ఈ సంఘటన తరువాత డ్రైవరులో పట్టిక హద్దును పరీక్షించు ఏర్పాటు చేసిరి. క్రొత్త ఫైళ్లను అందరికి ఒక్కమారే పంపక, మొదట కొద్ది యంత్రములపై పరీక్షించి దశలవారీగా పంపు పద్ధతిని అనుసరించిరి. విత్తనమును చిన్న మడిలో మొలకెత్తించి చూచి, ఆ తరువాతనే పొలమంతయు చల్లు రైతు ఈ సూత్రమును ఏనాడో ఎరుగును.