తోక తిప్పితే చాలు

2009 మార్చి 26న, కాలిఫోర్నియా-నెవాడా సరిహద్దు దగ్గరున్న ఇవాన్‌పా ఎండు సరస్సు మీద, ఇంజిన్ లేని బండి ఒకటి కేవలం గాలి ఊతంతో గంటకు 202.9 కిలోమీటర్ల వేగం అందుకుంది. దాని పేరు గ్రీన్‌బర్డ్. నడిపినవాడు బ్రిటిష్ ఇంజినీరు రిచర్డ్ జెంకిన్స్. ఆ రికార్డు కోసం పదేళ్లు కష్టపడ్డాడు. ఇవాళ మనుషులు లేకుండా సముద్రాలు తిరుగుతున్న సెయిల్‌డ్రోన్ ఆ బండి రెక్కలోంచి పుట్టిందే. పరుగు కోసం చేసిన రెక్క, నెలల తరబడి తాపీగా తిరిగే నావకు ఇంతగా అమరడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

గుడ్డ తెరచాపకు తాళ్లుండాలి. గాలి మళ్లినప్పుడల్లా వాటిని లాగడానికో సడలించడానికో మనిషి ఉండాలి, లేదా బలమైన మోటారుండాలి. జెంకిన్స్ రెక్క గట్టిది, విమానం రెక్కను నిలువుగా పాతినట్టుంటుంది. ఇరుసు మీద ఎటంటే అటు తిరుగుతుంది. వెనకాల చిన్న తోక. తోక అంచున ఉన్న పలకను కాస్త వంచితే గాలి తోకను నెడుతుంది, తోక రెక్కను తిప్పి కావలసిన కోణంలో నిలబెడుతుంది. ఆ తర్వాత గాలి దిశ మారినా రెక్క దానంతటదే సర్దుకుంటుంది. బరువు పనంతా గాలిదే. మోటారు చేసేది పలక వంచడమొక్కటే. అందుకే పరికరాలకీ, ఉపగ్రహంతో మాటలకీ సౌర ఫలకాలిచ్చే కాస్త కరెంటు సరిపోతుంది.

2013లో మొదటి సెయిల్‌డ్రోన్ నావ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హవాయికి 34 రోజుల్లో చేరింది. 2019లో 7 మీటర్ల నావ ఒకటి న్యూజిలాండ్‌లోని బ్లఫ్ నుంచి బయల్దేరి, 196 రోజుల్లో 22,000 కిలోమీటర్లు తిరిగి, అంటార్కిటికాను చుట్టి వచ్చింది. దారిలో మంచుకొండను గుద్దుకుని కొన్ని పరికరాలు పోగొట్టుకుంది కూడా. ఆ సముద్రపు అలలకు పొడవాటి రెక్క ఆగదని దానికి పొట్టి, చదరపు రెక్క పెట్టారు. ఎదురుగాలికి వెళ్లే నేర్పు తగ్గినా నావ దక్కింది.

ఆ తర్వాత సముద్రగర్భాన్ని సోనార్‌తో కొలవడానికి 22 మీటర్ల పెద్ద నావ వచ్చింది. దానికి తోడుగా డీజిల్ ఇంజిన్ ఉంది. నౌకాదళాలు చిన్నవాటికి కెమెరాలూ రాడార్లూ బిగించి కాపలాకి పంపాయి. 2022 ఆగస్టులో పర్షియన్ గల్ఫ్‌లో అలాంటి ఒకదానికి ఇరాన్ ఓడ తాడు కట్టి లాక్కెళ్లింది. అమెరికా గస్తీ ఓడ వెంటపడ్డాక, దాదాపు నాలుగు గంటల తర్వాత వదిలేసింది.

నా దృష్టిలో మాత్రం సెయిల్‌డ్రోన్ అసలు పని కాపలా కాదు, తుపానుల్ని కొలవడం. తుపాను ఎటు వస్తుందో చెప్పడం కన్నా ఎంత బలపడుతుందో చెప్పడం కష్టం. తీరప్రాంతం వాళ్లకి ఆ తేడా ప్రాణాలతో సమానం. తుపానుకు బలం వెచ్చని నీటినుంచి వస్తుంది; ఆ వేడి గాలిలోకి చేరేది అలల పైభాగంలోనే. తుపానులో అక్కడికి ఓడలు వెళ్లలేవు. 2021 సెప్టెంబరు 30న పొట్టి రెక్కతో ఉన్న ఓ నావ అట్లాంటిక్‌లో శామ్ తుపాను లోపలికి వెళ్లింది. 15 మీటర్ల అలలు, గంటకు 190 కిలోమీటర్లు దాటిన గాలి. దాని కెమెరా తీసిన వీడియోలో ఆకాశం లేదు, నీరు లేదు. తెల్లటి నురగ గోడలా లేచి మీద పడుతుంది, నావ మునిగిపోతుంది, మళ్లీ తేలుతుంది. అంత హోరులోనూ గాలి వేగం, నీటి వేడి ఎంతో కొలిచి ఒడ్డుకు పంపుతూనే ఉంది.